ముక్కు మొద్దుబారినా.. ఈ పొడి పసిగడుతుంది!

నారాయణపేట అంటే అందరికీ చీరలే గుర్తొస్తాయి. నాకు మాత్రం 2023 నాటి గొడవ కూడా గుర్తొస్తుంది. మా జిల్లాలోనే, మరికల్ మండలం చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. వ్యర్థ జలాలు, దుర్వాసన.. ఇవీ వాళ్ల ఫిర్యాదులు. అప్పుడు నాకొచ్చిన డౌట్ ఒక్కటే: కంపు కొడుతోందని చెప్తే సరిపోదు కదా, దాన్ని అంకెల్లో చూపించేదెలా?

జవాబు మన వంటింట్లోని గ్యాస్ అలారంలోనే ఉంది. ఇళ్లలో గ్యాస్ పేలుళ్లు చూసి, 1962లో జపాన్‌కు చెందిన నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్‌తో సెన్సర్ తయారుచేశారు.

ఇదెలా పనిచేస్తుంది? టిన్ ఆక్సైడ్ పొరను 200 నుంచి 400 డిగ్రీల దాకా వేడి చేస్తారు. గాలిలోని ఆక్సిజన్ దానికి అతుక్కుని ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. దాంతో కరెంటు సరిగ్గా పారదు. ఎల్పీజీ, కార్బన్ మోనాక్సైడ్, ఆల్కహాల్ లాంటివి వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోతే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. కరెంటు పెరుగుతుంది, అలారం మోగుతుంది.

అంటే ఆటంతా ఉపరితలం మీదే. ఒక సెంటీమీటరు ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలు చేశామనుకోండి. మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు. మన లెక్కలో 700 గజాలకు పైనే! చక్కెర పలుకంత ముక్కలో పెద్ద ప్లాటు దాగుందన్నమాట. కానీ ఆ ముక్కలు గట్టిగా అతుక్కుపోతే గ్యాస్ లోపలికి పోలేదు. అందుకే సైంటిస్టులు స్పాంజిలా రంధ్రాలున్న నిర్మాణాలు తయారుచేస్తున్నారు.

కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఇంకో చిట్కా ఉంది. టిన్ ఆక్సైడ్‌కు కొంచెం కాపర్ ఆక్సైడ్ కలిపితే, గ్యాస్ తగలగానే అది కాపర్ సల్ఫైడ్‌గా మారి కరెంటును బాగా పారనిస్తుంది. ఈ గ్యాస్ దగ్గర ముక్కును అస్సలు నమ్మొద్దు. మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తే పోతుంది. మ్యాన్‌హోళ్లలో దిగినవాళ్ల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇదే. పైగా నిద్రలో ముక్కు మనల్ని లేపుతుందన్న గ్యారంటీ లేదు. 2020 మే 7న విశాఖలో స్టైరిన్ లీకైనప్పుడు టైమ్ తెల్లవారుజాము.. జనం మంచి నిద్రలో ఉన్నారు.

ఆన్‌లైన్‌లో దొరికే చౌక ఎంక్యూ సెన్సర్లు కూడా ఇదే కుటుంబం. కాలేజీ ప్రాజెక్టుకు భేష్. కానీ తేమ మారినా, పక్కన శానిటైజర్ రాసుకున్నా రీడింగ్ మారిపోతుంది. ఏ గ్యాసో కచ్చితంగా చెప్పలేదు. దాని అంకె పట్టుకుని ఎవరిమీదా కేసు వేయలేం. అయితే ఏ రోజు, ఏ టైమ్‌లో పెరిగిందో రాసిపెట్టుకుంటే, అధికారులను సరైన వేళకు పిలిచి కొలిపించొచ్చు.

ఇంట్లో ఎల్పీజీ అలారం పెడుతున్నారా? నేలకు దగ్గరగా పెట్టండి. ఆ గ్యాస్ గాలికంటే బరువు, కిందికే దిగుతుంది!