హ్యూజ్ పేజీల కేటాయింపు

ఆపరేటింగ్ సిస్టమ్ కంప్యూటరు మెమరీని పేజీలనే సమాన భాగాలుగా విభజించి నిర్వహిస్తుంది. సాధారణ పేజీ కంటే అనేక రెట్లు పెద్దదైన పేజీని హ్యూజ్ పేజీ అంటారు. ఎక్స్86-64 ప్రాసెసర్లలో సాధారణ పేజీ పరిమాణం 4 కిలోబైట్లు. హ్యూజ్ పేజీలు 2 మెగాబైట్లు, 1 గిగాబైటు అనే రెండు పరిమాణాలలో లభిస్తాయి.

అవసరం

ప్రోగ్రాము వాడే చిరునామాను ప్రాసెసరు పేజీ పట్టికల సాయంతో అసలు మెమరీ చిరునామాగా మారుస్తుంది. ఈ పట్టికలు సాధారణంగా నాలుగు అంచెలుగా ఉంటాయి. ప్రతిసారీ అన్ని అంచెలూ వెతకకుండా, ఇటీవల మార్చిన చిరునామాలను టీఎల్‌బీ అనే చిన్న నిల్వలో ఉంచుకుంటుంది. 1 గిగాబైటు మెమరీకి సాధారణ పేజీలైతే 2,62,144 కావాలి. అన్నిటి వివరాలూ టీఎల్‌బీలో పట్టవు. 2 మెగాబైట్ల పేజీలైతే 512 చాలు. అందువలన పెద్ద డేటాబేసులకు, వర్చువల్ మెషీన్లకు హ్యూజ్ పేజీలు ఉపయోగకరం.

కేటాయింపులో చిక్కు

హ్యూజ్ పేజీకి కావలసిన మెమరీ అంతా ఒకే వరుసలో ఖాళీగా ఉండాలి. అది మొదలయ్యే చిరునామా కూడా పేజీ పరిమాణంతో నిశ్శేషంగా భాగింపబడాలి. సినిమా హాలులో నలభై సీట్లు ఖాళీగా ఉన్నా, అవి అక్కడక్కడ ఉంటే పదిమంది పక్కపక్కన కూర్చోలేరు. అలాగే కంప్యూటరు కొంతకాలం పనిచేసిన తరువాత ఖాళీ మెమరీ చాలినంత ఉన్నా ముక్కలుగా మిగులుతుంది. దీనిని ఫ్రాగ్మెంటేషన్ అంటారు. కెర్నెల్ కొన్ని పేజీలను జరిపి చోటు చేయగలదు. అయితే కెర్నెల్ తన సొంత పనికి వాడుకునే పేజీలలో చాలావాటిని జరపడం వీలుకాదు. అటువంటి పేజీ ఒక్కటి మధ్యలో ఉన్నా ఆ వరుస పనికిరాదు.

లినక్స్‌లో పద్ధతులు

లినక్స్‌లో ఖాళీ పేజీలను పంచే బడ్డీ పద్ధతి ఎక్స్86-64పై సాధారణంగా 4 మెగాబైట్లకు మించిన వరుసను ఇవ్వదు. కనుక 1 గిగాబైటు పేజీలకు వేరే మార్గాలు అవసరమయ్యాయి.

* ముందస్తు కేటాయింపు: మెమరీ ముక్కలు కాకముందే, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు పేజీలను వేరుచేసి ఉంచుతారు. 1 గిగాబైటు పేజీలకు ఈ సౌకర్యం 2.6.27 (2008) తో వచ్చింది.
* నడుస్తుండగా కేటాయింపు: 1 గిగాబైటు పేజీలకు ఇది 3.16 (2014) లో చేరింది. వరుస దొరకకపోతే విఫలమవుతుంది.
* పారదర్శక హ్యూజ్ పేజీలు: 2.6.38 (2011) నుండి, ప్రోగ్రాము అడగకపోయినా కెర్నెల్ తానే 2 మెగాబైట్ల పేజీలను ఇవ్వగలదు.
* సీఎంఏ: 5.7 (2020) నుండి, 1 గిగాబైటు పేజీల కోసం కేటాయించిన ప్రాంతాన్ని అవసరం వచ్చేవరకు జరపదగిన సమాచారానికి వాడుకోవచ్చు.

పరిమితులు

ముందుగా వేరుచేసిన హ్యూజ్ పేజీలు వాడకంలో లేకపోయినా ఇతర పనులకు అందవు. వాటిని డిస్కుపైకి తరలించడమూ కుదరదు. లెక్క ఎక్కువైతే మిగిలిన ప్రోగ్రాములకు మెమరీ చాలదు. తక్కువైతే పెద్ద ప్రోగ్రాముకు కావలసిన పేజీలు దొరకవు. అందువలన ఎన్ని పేజీలు కావాలో ముందే లెక్కించుకోవడం నిర్వాహకుని బాధ్యత.