పెచ్చులూడు కాంక్రీటు దిమ్మలు

అనంతపురపు కరవు పీఠభూమిలోని మడకశిర 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. ఇట్టి మెట్టప్రాంతములలో పెరటి వసారా కప్పును మోయు స్తంభములను చూచినచో ఒక్కొక్కచోట ఒక వింత కానవచ్చును. స్తంభము పైభాగము గట్టిగనే యుండును. నేలకు జానెడెత్తున దిమ్మ మాత్రము పొడియై రాలుచుండును. వానలు చాలని చోట కాంక్రీటును చెరచుచున్నదేమి? నీరే.

కాంక్రీటులో కంటికి కానరాని సన్నని రంధ్రములు గలవు. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఇవి నేలలోని తేమను పైకి పీల్చును. తేమతోపాటు చవుటి లవణములును ఎక్కును. పొడిగాలికి నీరు ఆవిరియై పోగా, లవణములు స్ఫటికములై పెరుగుచు రంధ్రముల గోడలను నెట్టును. చలిదేశములలో రంధ్రములలోని నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతము వ్యాకోచించి, ఇట్టి పనియే చేయును. ఇటుకముక్కను ఉప్పునీటి పళ్ళెములో కొన్నిదినములు నిలిపినచో, దానిపై తెల్లని పూత ఏర్పడుట విద్యార్థులు స్వయముగా చూడవచ్చును.

ఇనుపకడ్డీలున్న దిమ్మకు మరియొక ముప్పు కలదు. మంచి కాంక్రీటునకు క్షారగుణము మెండు. అందుచే కడ్డీపై రక్షకమైన పొర ఏర్పడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ క్షారగుణమును తగ్గించును. క్లోరైడులు పొరను ఛేదించును. అప్పుడు పుట్టు తుప్పు, ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటు నాక్రమించి కాంక్రీటును చీల్చును.

కావున పగులుపై సిమెంటు పూసినంతమాత్రమున రోగము కుదరదు. ముందుగా కప్పుకు గట్టి పోటుకొయ్యలు నిలిపి, ఒకసారి ఒక దిమ్మను మాత్రమే చేపట్టవలెను. గట్టిభాగము తగులువరకు చెడిన కాంక్రీటును చెక్కివేయవలెను. కడ్డీల తుప్పును తీగబ్రష్షుతో గీకి, సన్నబడినచోట క్రొత్తకడ్డీని జతకట్టవలెను. పాతభాగమును తడిపి, దట్టమైన క్రొత్తకాంక్రీటును దిమ్మిసకొట్టి నింపవలెను. కలుపుటకు ఉప్పునీరు పనికిరాదు. పునాదిలో కడ్డీపై 50 మిల్లీమీటర్ల కాంక్రీటైన నుండవలెను. దిమ్మ పైతలమును వాలుగా తీర్చి, వాడుకనీరు దానివైపు పారకుండ చేయవలెను. స్తంభమే ఒరిగినచో ఇంజనీరును పిలుచుట క్షేమము.

అసలు మెలకువ ఇక మిగిలియున్నది. కాంక్రీటు ఆరిపోవుటచే గట్టిపడునని పలువురి భ్రమ. సిమెంటు నీటితో రసాయనికముగా కలియుటచేతనే గట్టిపడును. వేడి, పొడిగాలి గల చోట 10 దినములకు తక్కువకాకుండ తడుపవలెనని భారత ప్రమాణము ఐ.ఎస్. 456 (2000) విధించుచున్నది. నీటికరవున రెండుదినములు చల్లి మానివేసినచో రంధ్రములు తెరచియే యుండి లవణములకు దారి యిచ్చును. తడిపిన గోనెపట్టలు చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పినచో కొద్దినీటితోనే పని నెరవేరును. నేడు మిగుల్చుకొన్న నాలుగు బిందెలనీరు రేపు కప్పునే కూల్చవచ్చును.