స్కౌట్స్‌లో ఏ వయసులో చేరాలి? 'రాష్ట్రపతి' అవార్డుకు ఎన్ని మెట్లు? రైల్వే కోటాకు అదే కీలకం!

ప్రత్యేక డ్రెస్సు, మెడలో స్కార్ఫ్.. ఆగస్టు 15 పరేడ్‌లో కనిపించే స్కౌట్స్ అంటే చాలామందికి తెలిసింది ఇంతే. కానీ కర్నూలు, కడప జిల్లాల్లో రైల్వే ఉద్యోగంపై ఆశ పెట్టుకున్న కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయం ఇందులో ఒకటుంది. అదేంటో చూద్దాం.

ఏ వయసుకు ఏ విభాగం?

1950 నవంబర్ 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పిల్లల్ని వయసును బట్టి విడదీస్తారు.

• 5 నుంచి 10 ఏళ్లు: అబ్బాయిలు కబ్స్, అమ్మాయిలు బుల్‌బుల్స్. ఆటలు, కథలే పాఠాలు.
• 10 నుంచి 17 ఏళ్లు: స్కౌట్స్, గైడ్స్. హైస్కూల్ పిల్లలంతా ఇక్కడే.
• 16 నుంచి 25 ఏళ్లు: రోవర్స్, రేంజర్స్. కాలేజీ విద్యార్థులు, యువత కోసం. వీళ్ల నినాదం 'సేవ'.

మెట్లు ఎలా ఎక్కాలి?

స్కౌట్స్, గైడ్స్‌కు వరుస ఇది: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, చివరగా రాష్ట్రపతి అవార్డు. తాళ్లతో ముడులు వేయడం, దిక్సూచి వాడటం, ఆరుబయట వంట, ప్రథమ చికిత్స.. ఇవన్నీ చేసి చూపించాలి. మే నెల ఎండలకు ఎవరైనా సొమ్మసిల్లి పడిపోతే ఏం చేయాలో తెలిసిన పిల్లాడు ఇంట్లో ఉంటే మంచిదేగా!

తొందరపడితే కుదరదు. ప్రవేశ్‌కు కనీసం 3 నెలలు, తర్వాతి మూడు సోపాన్‌లకు వరుసగా 6, 9, 9 నెలలు పడుతుంది. అంటే తృతీయ సోపాన్ పూర్తయ్యేసరికే 27 నెలలు! ఆపైన ఇంకా రెండు మెట్లుంటాయి.

అసలు సమస్య ఇక్కడే

తొమ్మిదో తరగతిలో చేరితే పదో తరగతి పరీక్షలు అడ్డం వస్తాయి. "ఈ ఏడాది మానెయ్, చదువుకో" అంటారు ఇంట్లో. అక్కడితో ఆగిపోతుంది. అదే ఆరో తరగతిలో మొదలుపెడితే తొమ్మిదిలోపే చాలా మెట్లు ఎక్కేయొచ్చు.

రైల్వే కోటా సంగతేంటి?

రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్‌లు స్కౌట్స్ కోటాలో లెవెల్-1, లెవెల్-2 పోస్టులు భర్తీ చేస్తుంటాయి. దీనికి విద్యార్హతతో పాటు రాష్ట్రపతి అవార్డు గానీ, శిక్షకులకిచ్చే హిమాలయ వుడ్ బ్యాడ్జ్ గానీ ఉండాలి. కనీసం ఐదేళ్లు చురుకైన సభ్యత్వం ఉండాలి. జాతీయ లేదా అఖిల భారత రైల్వే స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాల్లో పాల్గొని ఉండాలి. ఇవన్నీ ఉన్నా ఉద్యోగం గ్యారంటీ కాదు. రాత పరీక్షకు 60 మార్కులు, సర్టిఫికెట్లకు 40 మార్కులు. పోస్టులూ తక్కువే. కాబట్టి క్యాంపుకెళ్లిన ప్రతి సర్టిఫికెట్‌నూ జాగ్రత్తగా దాచుకోవాలి.

స్కూల్లో అవకాశం పోతే ఎలా?

కంగారొద్దు. డిగ్రీలో రోవర్‌గానో, రేంజర్‌గానో కొత్తగా చేరొచ్చు. ఇక్కడ ప్రవేశ్, ప్రవీణ్, నిపుణ్, రాజ్య పురస్కార్ దాటితే రాష్ట్రపతి అవార్డు ఉంటుంది. 25 ఏళ్ల వరకు టైముంది.

ఎక్కడ చేరాలి?

ముందుగా మీ పిల్లల స్కూల్లో యూనిట్ ఉందో లేదో హెడ్‌మాస్టర్‌ను అడగండి. యూనిట్ ఉంటే శిక్షణ పొందిన టీచర్ ఉన్నారా, మెట్ల పరీక్షలు ప్రతి ఏడాదీ జరుగుతున్నాయా అన్నది కూడా కనుక్కోండి. డ్రెస్సు ఒక్కటే ఉండి పరీక్షలు జరగకపోతే పిల్లాడు ప్రవేశ్ దగ్గరే ఉండిపోతాడు.