బియ్యం సంచితో పాటు లెక్కల పుస్తకం



కాలేజీలు తెరిచే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండులలో చూడండి. బియ్యం సంచి, పెట్టె, పచ్చడి డబ్బా, వాటి మధ్య నిలబడిన పిల్లవాడు, కొంగుతో కళ్లు తుడుచుకునే తల్లి.

గద్వాలలో డిగ్రీ కాలేజీ పాత కోటలోనే ఉన్నది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఉన్నది. ఆ గోడల మధ్య ఇప్పుడు కూలివారి బిడ్డలు చదువుకుంటున్నారు. దేవునికి స్తోత్రము! అయితే పదో తరగతి కాగానే డిప్లొమాలో చేరే బిడ్డకు పదిహేను, పదహారేళ్లే. వండుకోవడం, ఉతుక్కోవడం, నెల డబ్బును నెలాఖరు దాకా నడుపుకోవడం ఏ పాఠంలోనూ ఉండవు.

మా సంఘములో ఒక కుటుంబమున్నది. తండ్రి కూలిపనికి పుణె వెళ్తాడు. కొడుకు వనపర్తిలో గది తీసుకొని చదువుతున్నాడు. ప్రతి శనివారం మాసిన బట్టల మూటతో ఇంటికి వచ్చేవాడు. తల్లి ఉతికి, వండి కట్టి పంపేది. పదో తారీకుకే డబ్బు అయిపోయేది. "పుస్తకాలు కొనాలె" అని ఫోన్ చేస్తే, తండ్రి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పంపేవాడు. ఒకసారి పని మీద వెళ్లి ఆ గది చూశాను. ఇంటి బియ్యం పురుగు పట్టి మూలన ఉన్నది. స్టవ్వు మీద దుమ్ము. రెండు పూటలా హోటలే.

నేనతన్ని గద్దించలేకపోయాను. కారణమున్నది. బైబిలు కాలేజీలో ఉన్నప్పుడు పరీక్ష ఫీజు కావాలని నాయనకు ఉత్తరం రాశాను. ఫీజు అప్పటికే కట్టేశాను. వచ్చిన డబ్బు సినిమాలకు, టీలకు పోయింది. సెలవులకు ఇంటికి వెళ్తే పల్లీల బస్తా ఒక్కటీ లేదు. నా మనియార్డరు కోసం పంట కళ్లంలో ఉండగానే షావుకారుకు తక్కువ ధరకు ఇచ్చేశాడట. నాయన నన్నేమీ అనలేదు. నేనూ నిజం చెప్పలేదు. ఆయన ప్రభువునందు నిద్రించి పదకొండేళ్లయింది.

అందుకని అబ్బాయి పక్కన కూర్చొని బియ్యం చెరిగాను. ఒకటికి రెండు నీళ్లు, పప్పులో టమాట. నాకు వచ్చిన వంట అంతే! అన్నం ఉడికేలోగా పౌలు సంగతి మాట్లాడుకున్నాము. అంత చదివినవాడు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టాడు.

తల్లిని ఒప్పించడమే కష్టమైంది. "నా కొడుకు బట్టలు నేను ఉతకొద్దా అయ్యగారూ?" అని ఏడ్చింది. ఆమె ప్రేమలో తప్పు లేదు. కాని కూతురికి పదేళ్లకే వంట నేర్పి, కొడుకుకు మాత్రం నీళ్ల చెంబు చేతికందించడం విశ్వాసుల ఇండ్లలోనూ ఉన్న పాత జబ్బే.

చివరకు ఒక మాట అనుకున్నాము. ఇంటికి నెలకొకసారే రావాలి. డబ్బు ఒకటో తారీకున ఒకేసారి ఇస్తారు. ఏ రోజు ఖర్చు ఆ రోజే నోటుబుక్కులో రాయాలి. తక్కువపడితే ఉన్నదున్నట్లు చెప్పి అడగాలి. అడిగితే తల్లి తిట్టకూడదు. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించినది. ఆనాడు నా చేత అబద్ధం రాయించింది తిట్ల భయమే.

మొదటి నెల 340 రూపాయలు తక్కువపడింది. చెప్పులు తెగాయి, రెండుసార్లు బిర్యానీ తిన్నాను అని ఫోన్‌లో చెప్పాడట. ఆదివారం ఆరాధన తరువాత తల్లి నా దగ్గరకు వచ్చి, "బిర్యానీ అని నిజమే చెప్పిండు అయ్యగారూ" అన్నది.