అస్తమిస్తున్న లోకంలో రెండు పడగలు

పుదుచ్చేరికి ఉత్తరాన, కాలాపేట సముద్రతీరాన ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆనందరంగ పిళ్ళె పేరు పెట్టారు. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథమొకటి అంకితమందుకొన్నది ఈయనే. డూప్లేకు దుబాసిగా మెలగి, 1736 నుండి దినచర్య వ్రాసిన పిళ్ళె 1761 జనవరిలో, ఆంగ్లేయుల ముట్టడి నడుమ కన్నుమూశాడు. నాలుగు రోజులకే పట్టణం లొంగిపోయింది. లోకమొకటి కూలే తీరును దినచర్య తేదీల వారీగా చెబుతుంది. నవల దానిని ఎలా చెప్పాలి?

అద్భుత కల్పనే అందుకు దారి అని పలువురు రచయితలు తలచారు. విలియం హోప్ హాడ్జ్‌సన్ 1912లో, సూర్యుడు ఆరిపోయిన భూమిపై మానవశేషాన్ని ఒక మహా పిరమిడ్‌లో నిలిపాడు. జాక్ వాన్స్ 1950లో, కొడిగట్టిన ఎర్రని సూర్యుని క్రింద మాంత్రికులను సంచరింపజేశాడు. ఆ కథలలో ఆరేది సూర్యుడు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’లో ఆరేది ఒక ఊరి ప్రాణం.

1934లో 29 రోజులపాటు విశ్వనాథ ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వ్రాసిన బృహన్నవల ఇది. అడవి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమతిని పంచుకున్నది. పి.వి. నరసింహారావు దీనిని ‘సహస్రఫణ్’ పేర హిందీలోకి తెచ్చారు.

సుబ్బన్నపేటను వేయి పడగల నాగస్వామి కాపాడుతుంటాడు. దేవుని పలుకు గణాచారి నోట వెలువడుతుంది. పసిరిక అనే బాలుడు పచ్చని పైరుకే బిడ్డ వంటివాడు. గిరిక నృత్యం వేణుగోపాలస్వామికే అర్పితం. కోట, కోవెల, సేద్యం, విద్య ఒక్కొక్కటే క్షీణించగా పడగలు కూడా ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరకు మిగిలేవి రెండు. అవి దాంపత్యానికి సంకేతం.

ఇంతటి గ్రంథాన్ని చదవడం సులభం కాదు. కథ నడుమ చర్చలు, ఉపాఖ్యానాలు పేజీల కొలది సాగుతాయి. త్వరపడే పాఠకుడు మధ్యలోనే విరమిస్తాడు. ఓపికతో ముందుకు సాగినవానికి ఆ విస్తృతి ప్రయోజనం బోధపడుతుంది. ఆ ఊరిలో కొంతకాలం కాపురమున్నవానికే అది పోయినప్పుడు గుండె కలుక్కుమంటుంది.

అంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉన్నది. పోయినదంతా పోదగనిదేనా? రచయిత దుఃఖించిన ఆ వ్యవస్థలో అందరికీ సమానమైన చోటు లేదు. వర్ణధర్మంపై ఆయన విశ్వాసాన్ని అనేక విమర్శకులు ఖండించారు. ఆ నీడ దక్కనివారికి పడగ రాలడం విముక్తిగానే తోచవచ్చును. ఈ నవలను మెచ్చుకోవడానికి దాని తీర్పునంతటినీ అంగీకరించనవసరం లేదు.

అస్తమించే లోకాల కథలు పాఠకుని నిరాశలో ముంచవు. తన చుట్టూ ఉన్నదానిలో దేనిని కాపాడుకోవాలో, దేనిని పోనివ్వాలో విచారించుకొమ్మని హెచ్చరిస్తాయి. ఆ విచారణను ఏ రచయితా పాఠకునికి బదులుగా చేయజాలడు.