రోమ్‌లో పాస్తా ఎక్కడ తినాలి? అపోహలు – వాస్తవాలు

రోమ్ వెళ్లేవాళ్లు కొలోసియం, వాటికన్ టికెట్లు నెలల ముందే కొనుక్కుంటారు. భోజనం సంగతి మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందాం అనుకుంటారు. తీరా ఆకలేసినప్పుడు ఎదురుగా కనిపించిన హోటల్లో దూరి, మన దగ్గర ఎప్పుడో పేరు విన్న పాస్తా తెప్పించుకుంటారు. అది రుచించకపోతే ‘ఇటలీ పాస్తా అంటే ఇంతేనా’ అని నిరాశపడతారు. మంచి హోటల్ కోసం వెతికే ముందు, ఆ ఊరి వంటకాలేవో తెలుసుకోవాలి. అవి తెలిస్తే మెనూ చూడగానే ఆ చోటు ఎలాంటిదో చాలావరకు అర్థమైపోతుంది. రోమ్ పాస్తా విషయంలో మనలో బాగా పాతుకుపోయిన కొన్ని అపోహలనూ, వాటి వెనకున్న వాస్తవాలనూ చూద్దాం.

అపోహ: రోమ్ రాజధాని కాబట్టి ఇటలీ పాస్తాలన్నీ అక్కడ బాగా దొరుకుతాయి.

వాస్తవం: ఇటలీ 1861లో ఒకే దేశంగా ఏర్పడింది. రోమ్ 1870లో గానీ అందులో కలవలేదు. అంతకుముందు ఏ ప్రాంతం రాజ్యం దానిది, ఏ ప్రాంతం వంట దానిది. ఆ తేడాలు ఇప్పటికీ పోలేదు. మనం బొలోనీజ్ అని పిలిచే మాంసం సాస్ బొలోన్యా నగరానిది. అక్కడ దాన్ని తాల్యతెల్లె అనే వెడల్పాటి గుడ్డు పాస్తాతో తింటారు. దాని పద్ధతిని 1982లో ఆ నగర వాణిజ్య మండలిలో నమోదు కూడా చేశారు. తులసి జాతి ఆకులతో చేసే పెస్తో జెనోవాది. స్పగెట్టి మీద మాంసం ఉండలు పెట్టి వడ్డించే పద్ధతిని అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్లు ప్రచారంలోకి తెచ్చారు.

రోమ్‌కు సొంతమని చెప్పుకునే పాస్తాలు ముఖ్యంగా నాలుగు. గ్రీచా అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ మాంసం (గ్వాంచాలే), గొర్రె పాల చీజ్ (పెకోరీనో రొమానో), మిరియాలు. దానికి గుడ్డు చేరితే కార్బొనారా. టమాటా చేరితే అమాత్రిచానా. మాంసం తీసేసి చీజ్, మిరియాలతోనే చేస్తే కాచో ఎ పేపే. ఈ నాలుగూ ఉండి, మిగతా పట్టిక చిన్నగా ఉంటే ఆ చోటు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. లసాన్యా, పెస్తో, బొలోనీజ్, పిజ్జా అన్నిటినీ ఫొటోలతో అరడజను భాషల్లో అచ్చేసి, మనిషిని గుమ్మంలో నిలబెట్టి పిలిపిస్తున్నారంటే అది ఆ ఊరివాళ్లు తినే చోటు కాదని గ్రహించాలి.

అపోహ: పేరున్న కట్టడాల దగ్గర మంచి భోజనం దొరకదు.

వాస్తవం: కట్టడాల చుట్టూ జాగ్రత్త అవసరమే. అయినా దూరాన్ని బట్టి రుచిని తేల్చలేం. పాంథియాన్‌కు కొద్ది అడుగుల దూరంలోని ‘అర్మాందో అల్ పాంథియాన్’ 1961 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. రోమ్ వంటకాలనే వండుతుంది. ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకడం కష్టం. కాంపో దె ఫియోరి కూడలి దగ్గరి ‘రోషోలీ’ చీజ్‌లు, ఊరబెట్టిన మాంసాలు అమ్మే కొట్టు. అందులోనే బల్లలు వేసి వడ్డించే కార్బొనారాకు ఊరంతా పేరుంది.

అయితే రోమ్ వంటకాలను వాటి సొంత గడ్డ మీద తినాలంటే టెస్టాచో పేటకు వెళ్లాలి. 19వ శతాబ్దం చివర్లో నగరపు పెద్ద కబేళాను అక్కడే కట్టారు. 1975 దాకా అది నడిచింది. పనివాళ్లకు కూలిలో భాగంగా పేగులు, తోక, తలకాయ లాంటివి ఇచ్చేవారు. వాటిని రుచిగా వండుకోవడంలోంచే ఆ పేట వంట ఎదిగింది. పాత కబేళాకు ఎదురుగా ఉన్న ‘కెక్కీనో’ 1887 నుంచి ఆ వంటకాలు పెడుతోంది. ‘ఫెలీచె’లో కాచో ఎ పేపేని మన బల్ల దగ్గరే కలిపి ఇస్తారు. ‘ఫ్లావియో’ ఉన్నది ప్రాచీన రోమన్లు పారేసిన నూనె జాడీల పెంకులతో ఏర్పడిన గుట్టను ఆనుకుని. మరికాస్త దూరం పోగలిగితే 8వ నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాప్‌లో దిగండి. అక్కడి ‘చేజరె అల్ కజలెత్తో’కు రోమ్ కుటుంబాలు మధ్యాహ్న భోజనానికి వస్తుంటాయి.

అపోహ: కార్బొనారా ప్రాచీన వంటకం. అందులో క్రీమ్ తప్పనిసరి.

వాస్తవం: రెండూ సరికావు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అచ్చయిన రోమ్ వంట పుస్తకాల్లో కార్బొనారా కనిపించదు. 1944 జూన్‌లో మిత్రసేనలు రోమ్‌లో అడుగుపెట్టాయి. అమెరికా సైనికుల రేషన్‌లోని బేకన్, గుడ్లు స్థానిక పాస్తాతో కలిసి ఇది పుట్టిందన్న వాదన బలంగా ఉంది. దీని తయారీ అచ్చులో ముందుగా కనిపించింది 1952లో షికాగోలో వచ్చిన ఒక హోటళ్ల పుస్తకంలో. 1954లో ఒక ఇటలీ వంటల పత్రిక ఇచ్చిన పద్ధతిలో వెల్లుల్లి, స్విస్ గ్రుయేర్ చీజ్ ఉన్నాయి. తర్వాత కొందరు పేరున్న ఇటలీ చెఫ్‌లు కూడా క్రీమ్ వాడారు. కాలక్రమంలో రోమ్ వంటవాళ్లు వాటన్నిటినీ పక్కనపెట్టి గుడ్డు, పెకోరీనో, గ్వాంచాలే, మిరియాల దగ్గర స్థిరపడ్డారు. ఆ చిక్కదనం గుడ్డు పచ్చసొన, చీజ్, పాస్తా ఉడికిన నీళ్లు కలిసి ఇచ్చేది. పొయ్యి మీద నుంచి దింపాకే గుడ్డు కలపాలి. వేడి ఎక్కువైతే గుడ్డు పొరటులా విరిగిపోతుంది. క్రీమ్ పోస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది, రుచీ తగ్గుతుంది.

అపోహ: ఆల్ఫ్రెడో పాస్తాకు ఇటలీతో సంబంధం లేదు.

వాస్తవం: అది రోమ్‌లోనే పుట్టింది. ఆల్ఫ్రెడో ది లేలియో అనే హోటల్ యజమాని 1908లో, కాన్పు తర్వాత నీరసించిన భార్య కోసం వెన్న, పర్మిజానో చీజ్ ఎక్కువగా వేసి ఫెట్టుచ్చీనె అనే పాస్తాను కలిపి పెట్టాడని వాళ్ల కుటుంబం చెబుతుంది. 1920లో హనీమూన్‌కు వచ్చిన హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ దాన్ని తిని మురిసిపోయారు. ఆ తర్వాత అతనికి బంగారు చెంచా, ఫోర్కు కానుకగా ఇచ్చారు. అమెరికా వెళ్లాకే అందులో క్రీమ్, వెల్లుల్లి, చికెన్ చేరాయి. రోమ్‌లో ఆల్ఫ్రెడో పేరుతో ముడిపడిన రెండు హోటళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి స్క్రోఫా వీధిలో, ఇంకోటి అగస్టస్ చక్రవర్తి పేరున్న కూడలిలో. వేరే హోటళ్లలో ఆ పేరు అడిగితే వాళ్లకు అర్థం కాకపోవచ్చు.

అపోహ: పచ్చి పాస్తా గొప్పది, ఎండుది నాసిరకం. పైగా అంతా మైదానే.

వాస్తవం: ఇటలీ చట్టం ప్రకారం ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలి. మామూలు గోధుమ పిండి కలపకూడదని 1967లోనే శాసనం తెచ్చారు. ఎండు పాస్తా చరిత్రా పాతదే. సిసిలీలోని ట్రాబియాలో దాన్ని చేసి ఓడల్లో దూరప్రాంతాలకు పంపేవారని భూగోళవేత్త అల్ ఇద్రీసి 1154లో రాశాడు. మార్కో పోలో చైనా నుంచి పాస్తా తెచ్చాడన్న కథ దీంతోనే తేలిపోతుంది. అతను తిరిగొచ్చింది 1295లో.

కార్బొనారాకు, అమాత్రిచానాకు రోమ్ వంటవాళ్లు ఎక్కువగా ఎండు స్పగెట్టి, రిగాతోని, బుకాతీని వాడతారు. కంచు అచ్చులోంచి తీసి, నిదానంగా ఆరబెట్టిన పాస్తా పైభాగం గరుకుగా ఉండి సాస్‌ను పట్టుకుంటుంది. ఫెట్టుచ్చీనె, తొన్నారెల్లి లాంటి రకాలకు పచ్చి పాస్తా నప్పుతుంది. ఏది మేలన్నది వంటకాన్ని బట్టి ఉంటుంది.

అపోహ: పాస్తా గట్టిగా ఉందంటే సరిగ్గా ఉడకలేదు.

వాస్తవం: రోమ్‌లో పాస్తాను పంటికి తగిలేలా ఉడికిస్తారు. కాస్త ముందే నీళ్లలోంచి తీసి, సాస్ ఉన్న పెనంలో వేసి, ఉడికిన నీళ్లు కొద్దిగా పోస్తూ ఎగరేసి కలుపుతారు. మిగిలిన ఉడుకు అక్కడ పూర్తవుతుంది. మనం పులిహోర కలిపేటప్పుడు మెతుకు మెతుక్కీ పులుపు పట్టాలని చూసినట్టే, వాళ్లు ప్రతి ముక్కకూ సాస్ పట్టాలని చూస్తారు. పళ్లెం అడుగున నూనె, నీళ్లు విడివిడిగా కనిపిస్తే ఆ పని సరిగ్గా జరగలేదన్నమాట. ఆ మాట వడ్డించేవాళ్లతో నిస్సంకోచంగా చెప్పొచ్చు.

అపోహ: మాంసం ముక్క కనిపించకపోతే అది శాకాహారమే.

వాస్తవం: మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పైన చెప్పిన నాలుగింటిలో మూడిట్లో పంది మాంసం ఉంటుంది. కాచో ఎ పేపేలో మాంసం లేకపోయినా, పెకోరీనో రొమానోను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. పర్మిజానోకు దూడ రెన్నెట్ వాడతారు. పచ్చి పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. టెస్టాచో మెనూల్లో కనిపించే పయాతా అంటే పాలు తాగే దూడ పేగులు. శాకాహారులు పెన్నె అరాబియాతా అడగవచ్చు. ఎండు పాస్తా, టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెతో చేసే ఇది కూడా ఈ ప్రాంతపు వంటకమే. చీజ్ వద్దనుకుంటే ‘సెంత్సా ఫొర్మాజ్జో’ అని చెప్పాలి.

అపోహ: ఖరీదైన చోటే అసలు రుచి.

వాస్తవం: ఈ వంటకాలు గొర్రెల కాపరుల, కూలీల ఇళ్లలోంచి, ట్రాటోరియాలనే చిన్న భోజనశాలల్లోంచి వచ్చాయి. మూడు నాలుగు వస్తువులతో అయ్యే వంటకు ఆర్భాటం అక్కర్లేదు. బిల్లులో ‘పానే’ అని ఉంటే అది రొట్టెకు వేసిన ధర. టిప్ తప్పనిసరి కాదు. చాలా వంటిళ్లు మధ్యాహ్నం మూడు లోపు మూసి, రాత్రి ఏడున్నర తర్వాతే మళ్లీ తెరుస్తాయి. సాయంత్రం ఐదింటికి వేడి పాస్తా సిద్ధమంటూ పిలిచే చోట ఓసారి ఆలోచించండి.

మొదటి పూట గ్రీచా అడగండి. గుడ్డు, టమాటా లేని ఆ వంటకంలో లోపాన్ని దాచే వీల్లేదు. మాంసంలోని కొవ్వు, చీజ్, నీళ్లు ఒక్కటై పాస్తాను అంటిపెట్టుకుని వచ్చాయంటే అక్కడ కార్బొనారా, అమాత్రిచానా కూడా ధైర్యంగా తినొచ్చు. శాకాహారులకు అరాబియాతా అదే పని చేస్తుంది. టమాటా పచ్చివాసన పోయి, వెల్లుల్లి మాడకుండా, మిర్చి ఘాటు నాలుక మీద నిలిచిందంటే ఆ వంటవాడు పని తెలిసినవాడే. మర్నాటికి కూడా అక్కడే బల్ల బుక్ చేసుకోండి.