చవక వైన్ వెనుక ముగ్గురన్నదమ్ములు

మద్యం తాగవచ్చునా, కూడదా అనే చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఒక సరుకును సామాన్యుడికి అందే ధరకు అమ్మిన కుటుంబం ఎలా పైకి వచ్చిందో, ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడమే ఉద్దేశం. ఉమ్మడి వ్యాపారాలున్న ఇళ్ళవారు తెలుసుకోదగిన కథ ఇది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో మొడెస్టో అనే ఊరుంది. ఇటలీ నుంచి వలస వచ్చిన గాలో దంపతులు ఆ ప్రాంతంలో ద్రాక్షతోటలు పెంచేవారు. వారికి ఎర్నెస్ట్, జూలియో, జోసెఫ్ అని ముగ్గురు కొడుకులు. 1920 నుంచి ఆ దేశంలో మద్యనిషేధం. వైన్ అమ్మకూడదు గాని పండ్లు అమ్ముకోవచ్చును. ఇళ్ళలో సొంతానికి వైన్ చేసుకొనేవారి కోసం తోట పండ్లు రైలు మీద చికాగోకు వెళ్ళేవి. అక్కడే ఎర్నెస్ట్ బేరం నేర్చుకొన్నాడు.

1933 జూన్‌లో తల్లిదండ్రులిద్దరూ ఒకేరోజున తుపాకి గుళ్ళకు బలయ్యారు. తండ్రే భార్యను కాల్చి, తానూ కాల్చుకొన్నాడని అధికారులు తేల్చారు. అప్పటికి పెద్దవాడికి 24, రెండోవాడికి 23, చిన్నవాడికి 13 ఏళ్ళు. చిన్నవాణ్ణి పెంచే భారం అన్నల మీద పడింది.

ఆ ఏడే మద్యనిషేధం తొలగింది. అన్నలిద్దరూ వైన్ వ్యాపారం పెట్టారు. పెట్టుబడి సుమారు 5,900 డాలర్లు. అందులో 5,000 ఎర్నెస్ట్ అత్తగారు ఇచ్చిన అప్పు. తయారీ పద్ధతిగా తెలియదు. ఊరి గ్రంథాలయంలో మూలబడిన పాత చిన్న పుస్తకాలు చదివి నేర్చుకొన్నారు.

ద్రాక్షపండు నల్లగా ఉన్నా చాలా రకాల్లో లోపలి రసానికి రంగుండదు. తొక్కలతో కలిపి పులియబెడితే వాటి రంగూ వగరూ రసంలోకి దిగి ఎర్ర వైన్ అవుతుంది. అసలు ఖర్చంతా తోట, నిలవ, సీసా, రవాణాల దగ్గర వస్తుంది. అన్నదమ్ములు ఈ ఖర్చుల మీదనే దృష్టి పెట్టారు. తోటలు, తయారీ జూలియోవి; అమ్మకం ఎర్నెస్ట్‌ది. 1950ల చివర సీసాల ఫ్యాక్టరీ కూడా సొంతంగా కట్టుకొన్నారు. 1964లో ‘హార్టీ బర్గండీ’ అనే ఎర్ర వైన్ తెచ్చారు. బర్గండీ ఫ్రాన్సులోని పేరుపడ్డ సీమ. ఈ వైన్ మాత్రం కాలిఫోర్నియా ద్రాక్షల కలగలుపు. తక్కువ ధరకు, పెద్ద సీసాల్లో అది ఎన్నో ఇళ్ళకు చేరింది.

చవకకు మరో పక్క కూడా ఉంది. 1973లో సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కూలీల సంఘం గాలో వైన్‌ను బహిష్కరించమన్నది. 1975లో కూలీలు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మొడెస్టోకు 110 మైళ్ళు నడిచారు. ఆ ఏడే కూలీల సంఘాల హక్కులకు కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది.

ఇక చిన్న తమ్ముడి సంగతి. జోసెఫ్ వేరుగా పశువులు, తోటలు పెంచి, చీజు వ్యాపారం పెట్టి, దానికి తన పేరే పెట్టుకొన్నాడు. ఆ పేరు మా వైన్‌ది అంటూ 1986లో అన్నలు దావా వేశారు. అప్పుడు పాత వారసత్వ కాగితాలు బయటికి వచ్చాయి. వైన్ వ్యాపారం తల్లిదండ్రుల ఆస్తి మీద నిలిచిందే గనుక మూడోవంతు తనదని జోసెఫ్ ఎదురు దావా వేశాడు. కోర్టు దానిని కొట్టివేసింది. చీజు మీద ఆ పేరు వాడరాదని కూడా తీర్పు వచ్చింది. 1992లో అప్పీలు కోర్టు ఇంచుమించు ఆ తీర్పులనే నిలబెట్టింది. తండ్రి ఇచ్చిన ఇంటిపేరు సొంత సరుకు మీద రాసుకొనే వీలు తమ్ముడికి లేకపోయింది!

జూలియో 1993లో జీపు ప్రమాదంలో పోయాడు. 2007లో ఒక నెలలోపే జోసెఫ్, ఎర్నెస్ట్ ఇద్దరూ కాలం చేశారు. వ్యాపారం మాత్రం నేటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

న్యాయం ఎవరిదో కోర్టు చెప్పింది. మనం నేర్వవలసినది వేరు. పెద్దలు పోయిన ఇంట్లో మైనరు పిల్లవాడుంటే, ఆస్తి ఎంత, కొత్త వ్యాపారం ఎవరి డబ్బుతో పెట్టారు, ఇంటిపేరు ఎవరెవరు వాడవచ్చును అనేవి అప్పుడే కాగితం మీద పెట్టాలి. వాడికి వయసు రాగానే ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించాలి. యాభై ఏళ్ళ తరువాత వకీళ్ళు వెతికి తీసేదాకా ఆగరాదు.